ఓబన్న ఎద్దులూ, నా ఉలవ గుగ్గిళ్లూ

కాడి ముట్టుకోకుండా, చెర్నాకోల పట్టుకోకుండా, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, నంద్యాల జనమంతా చూస్తుండగా ఒక జత ఎద్దుల్ని చిత్తుగా ఓడించిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాడే మీకిప్పుడు ఈ సంగతి చెబుతున్నాడు. ఓడించింది శత్రువుల జతనైతే ఈపాటికి ఆళ్లగడ్డలో ఒక వీధికి నా పేరు పెట్టి ఉండేవాళ్లు. నేను ఓడించింది మా ఊరి జతనే. ఆరేళ్ల వయసు నుంచి నేను ప్రాణం పెట్టుకున్న ఎద్దుల కొట్టం నుంచి వచ్చిన జతనే. అయితే ఒకటి, నా ఉద్దేశం మాత్రం చాలా మంచిది. ఈ మాట అప్పట్లో ఎవరూ నమ్మలేదు. మీరైనా నమ్మితే మిగతాది ధైర్యంగా చెబుతాను.

బండలాగుడు పోటీ చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. పదిమంది మగవాళ్లు కలిసి తోసినా కదలని రాతిబండ ఒకటి ఉంటుంది. దాన్ని లావుపాటి మోకుతో కాడికి కట్టి, ఎద్దుల చేత బరిలో ఈ చివర నుంచి ఆ చివరకూ, ఆ చివర నుంచి ఈ చివరకూ లాగిస్తారు. పెట్టిన గడువులో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జత గెలిచినట్టు. బరికి రెండు పక్కలా సున్నంతో గీతలు గీస్తారు. ఎద్దులు ఆ గీత దాటాయంటే వాటి ఆట అక్కడితో సరి. ఆ తర్వాత అవి బండను శ్రీశైలం దాకా లాక్కుపోయినా లెక్కలోకి రాదు. ఈ గీత సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, దీనితో మనకు పని ఉంది.

మా ఊళ్లో పేరున్న జత ఒక్కటే. అది వేరుశనగ మిల్లు వాళ్లది. మిల్లు పెద్దాయన బతికున్నంత కాలం ఆ కొట్టంలోంచి బయలుదేరిన ఎద్దులు మెడలో దండ లేకుండా తిరిగి రావడం నేను చూడలేదు. నాయన భుజాల మీద కూర్చుని అరిచి అరిచి, మరునాడు బడిలో హాజరు పలకడానికి కూడా గొంతు లేక చేయెత్తి చూపించేవాణ్ణి. పెద్దాయన పోయాడు. మిల్లూ, ఎద్దులూ కొడుకు ఓబన్న చేతికి వచ్చాయి. అప్పటి నుంచి మాకు దండల ఖర్చు తప్పింది.

ఓబన్నకు ఎద్దుల మీద ప్రేమ లేదని నేననను. ఉండేది. పెళ్లికూతురి మీద మేనత్తకు ఉండేలాంటి ప్రేమ. కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడకు గంటలు, వీపు మీద అద్దాల గుడ్డ, నుదుట పూసలు. ఆ సింగారమంతా మోసుకుని బరిలోకి వచ్చేసరికే ఎద్దులకు ఆయాసం వచ్చేది. ఒక ఏడు కొట్టంలో అన్నిటికంటే బలమైన ఎద్దును, దాని ఎడమ కొమ్ము కాస్త వంగిందని అమ్మేశాడు. కొన్నది ఎవరనుకున్నారు, దొర్నిపాడు సుంకన్న. మాకు ఆగర్భ శత్రువు. ఆ వంకర కొమ్ము ఎద్దే వరసగా మూడేళ్లు మమ్మల్ని ఓడించింది. మరో ఏడు, తండ్రి కాలం నుంచీ జతను తోలుతున్న మద్దిలేటిని తీసేసి ఆ చెర్నాకోల తన బామ్మర్దికి ఇచ్చాడు. బామ్మర్దికి ఎద్దులంటే భయం. కోయిలకుంట్ల పోటీలో అతను ఎద్దుల పక్కన నడవకుండా, బండ వెనకాల దూరంగా నడుచుకుంటూ, వాటిని బతిమాలుకుంటూ పోయాడు. ఎద్దులు ఎవరో దారిన పోయేవాడనుకుని నిలబడి చూశాయి.

ఓడిన ప్రతిసారీ ఆళ్లగడ్డ బస్టాండు ఎదుట మస్తాన్ సైకిల్ షాపులో పంచాయితీ జరిగేది. మస్తాన్ నాకంటే పెద్ద అభిమాని. ఓబన్న పేరెత్తితే చేతిలో ఉన్న సైకిలు ట్యూబు ఎవరిదో కూడా చూడకుండా రెండో చోట కూడా చిల్లి పెట్టేవాడు. మద్దిలేటిని మళ్లీ పెట్టుకోవాలని నేను ఒక అర్జీ రాశాను, నలభైమంది చేత సంతకాలు చేయించాను. ఓబన్న దాన్ని చదివి, చేతిరాత బాగుందన్నాడు. ఆ తర్వాత బామ్మర్దికి ఆదోనిలో ఉద్యోగం రావడంతో మద్దిలేటి తిరిగి వచ్చాడు. అది నా అర్జీ మహిమే అని నేను ఊరంతా చెప్పుకున్నాను.

డెబ్బైల చివర్లో, నేను శిరివెళ్ల బడిలో కొత్తగా అయివారుగా చేరిన రోజుల్లో, ఓబన్న పొరపాటున ఒక మంచి జతను కొన్నాడు. పొరపాటునని ఎందుకంటున్నానంటే, రెండింటికీ నుదుటి మీద సుడి ఒకే చోట ఉంది, పక్కపక్కన నిలబెడితే ముచ్చటగా ఉంటాయని కొన్నాడు. వాటి తొడల్లో ఏముందో ఆయన చూడలేదు. మద్దిలేటి చూశాడు, నేను చూశాను. ఒకటి లేత ఎరుపు, పేరు పుల్లోడు. ఇంకోటి బూడిదరంగు, పేరు మైలోడు. ఈ జత నంద్యాల గెలవకపోతే ఇక ఏ జతా గెలవదని నాకు ఆ రోజే తెలిసిపోయింది.

నా దిగులల్లా వాటి డొక్కల గురించి. అవి నాకు లోపలికి పోయినట్టు కనిపించాయి. ఓబన్న గంటలకూ అద్దాలకూ ధారాళం గానీ దాణా దగ్గర పిసినారి అని తీర్మానించుకున్నాను. మద్దిలేటిని అడిగితే, పెద్దాయన కాలం నుంచి ఇదే కొలత అనీ, సాయంత్రం ఏడింటికి కొలిచి పెడతామనీ చెప్పాడు. “లావైతే ఎద్దు లాగదు సారూ, నిలబడుకుంటాది” అన్నాడు. పాపం, జీతగాడు, యజమానిని వెనకేసుకొస్తున్నాడు అనుకుని అతని మీద జాలిపడ్డాను.

ఇక్కడ మొదలైంది నా ఘనకార్యం. దసరా సెలవులు కాగానే రోజూ సాయంత్రం శిరివెళ్ల బస్సులో వచ్చి మిల్లు మలుపులో దిగేవాణ్ణి. కొట్టం వెనక గోడకు ఒక కిటికీ ఉంది. నా టిఫిన్ డబ్బా నిండా ఉడికించిన ఉలవ గుగ్గిళ్లు. డబ్బా మూత మీద గోటితో టక్ టక్ మని రెండుసార్లు కొట్టి, మెల్లగా “దా నాయనా దా. పుల్లోడా దా. మైలోడా దా” అనేవాణ్ణి. వారం తిరిగేసరికి, ఐదు గంటల బస్సు మలుపు తిరిగే శబ్దానికే రెండు ముట్టెలూ కిటికీ కమ్ముల్లోంచి బయటికి వచ్చి ఉండేవి. బడిలో నా క్లాసు పిల్లలు ఎప్పుడూ నా కోసం అంత ఆశగా చూడలేదు. నా జేబులో రెండు గుప్పెళ్లు అదనంగా ఉంటాయని కూడా అవి కనిపెట్టాయి.

ఇంట్లో మా అమ్మకు ఇదేమీ తెలియదు. కొడుకు రోజూ పొద్దున్నే శేరు ఉలవలు ఉడకబెట్టించుకుని పోతున్నాడు, ఖాళీ డబ్బా తెస్తున్నాడు. మొదటి నెల ఊరుకుంది. రెండో నెల నన్ను కూర్చోబెట్టి, “నాయనా, ఇన్ని ఉలవలు మనిషన్నోడు తింటాడా? నీకు లోపల ఏమన్నా జబ్బుండాదా?” అని అడిగింది. పుష్టికి మంచిదన్నాను. ఆ ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు నా కడుపు కోసం ప్రత్యేకంగా ప్రార్థించారు. సంఘమంతా ఆమెన్ అంది. నేను కూడా అన్నాను.

ఇంతలో కొట్టంలో గందరగోళం. ఎద్దులు ఏడింటి దాణా ముట్టడం లేదు. మొదట ఓబన్న దిష్టి అనుకుని నిమ్మకాయలు కట్టాడు. తర్వాత తాయెత్తులు కట్టించాడు. తర్వాత పశువుల డాక్టరును పిలిపించాడు. ఆయన అన్నీ చూసి, జబ్బేమీ లేదు, కడుపు నిండిన ఎద్దుల్లా ఉన్నాయి అన్నాడట. డాక్టరుకు ఏమీ తెలియదని ఓబన్న ఆయన్ని పంపించేశాడు. వెదురు గొట్టంతో కషాయం పట్టించడం మొదలుపెట్టాడు. నీరసంగా ఉన్న ఎద్దుల్ని శ్రమపెట్టకూడదని బీడు నేలలో చేయించే సాధన కూడా ఆపించాడు.

ఈ వార్తలన్నీ విని సైకిల్ షాపులో నేను ఎగిరెగిరి పడ్డాను. నిక్షేపంలాంటి ఎద్దుల్ని కట్టేసి మందులు పోస్తున్నాడనీ, ఇట్లాంటి యజమాని ఏ ఊరికీ ఉండకూడదనీ, దీనికి కారణమైన వాణ్ణి కాడికి కట్టి బండ లాగించాలనీ అన్నాను. మస్తాన్ నిజమేనన్నాడు. కారణమైన వాడు అతని ఎదురుగా స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడని మాకిద్దరికీ తెలియదు. ఇంత చదువుకున్నవాడికి ఆ చిన్న లెక్క ఎందుకు తట్టలేదని మీరు అడగవచ్చు. నేను పిల్లలకు చెప్పేది కూడా లెక్కలే. కాబట్టి అడక్కండి.

పోటీకి పది రోజులుందనగా పిడుగులాంటి కబురు వచ్చింది. ఈసారి నంద్యాలలో గెలవకపోతే జతను దొర్నిపాడు సుంకన్నకు అమ్మేస్తానని ఓబన్న మాట ఇచ్చేశాడట. నాకు అన్నం సహించలేదు. నేరుగా మిల్లుకు వెళ్లాను. ఓబన్న గోనెసంచుల మీద కూర్చుని ఉన్నాడు. పదిహేనేళ్ల కోపం ఒక్కసారిగా వెళ్లగక్కాను. కొమ్ము వంగిన ఎద్దు దగ్గర మొదలుపెట్టి బామ్మర్ది మీదుగా కషాయం దాకా ఏదీ వదల్లేదు. చివరికి, “ఎద్దుల్ని అమ్మేదానికంటే ఎద్దుల పని నువ్వే మానుకోరాదా ఓబన్నా?” అన్నాను.

ఓబన్న కోప్పడలేదు. “మానుకుంటే ఎవరు చూస్తారప్పా, నువ్వా?”

“నేను చూసినా నీకంటే మేలే.”

“అయివారూ, నువ్వు చూసేది ఆట. నేను పొద్దున లేస్తే చూసేది పేడ” అన్నాడు. కొట్టం వైపు చూసి, “తినడంల్యా అవి. మా నాయన ఉంటే తింటుండె” అన్నాడు. ఆ గొంతు విని నాకు కాస్త ఇబ్బందిగా అనిపించిన మాట నిజం. ఇంటికి పోతూ దారిలో ఒక నిర్ణయానికి వచ్చాను. పాపం, ఎద్దులు బాగా నీరసించి ఉన్నాయి, మర్నాటి నుంచి డబ్బాలో ఇంకో గుప్పెడు ఎక్కువ పట్టుకెళ్లాలి.

పోటీ రోజు నేనూ మస్తానూ పొద్దున్నే నంద్యాల చేరాం. బరి ఆ చివర ఒక మూలన, పక్క గీతకు అవతల, మైకు పందిరి వేశారు. నాలుగు గుంజలకు నాలుగు మైకు బూరలు. మధ్యాహ్నానికి మైకులో చెప్పే ఆయన గొంతు పోయింది. కమిటీవాళ్లు ముందు వరసలో గట్టిగా అరుస్తున్న నన్ను చూసి, బడి అయివారని తెలుసుకుని, పందిట్లోకి లాక్కుపోయి కుర్చీలో కూర్చోబెట్టారు. మైకు ముందుకు జరిపారు. బూరల్లో నా గొంతు నాకే వినబడితే ఎంత బాగుందో చెప్పలేను. వచ్చిన ప్రతి జతనూ పొగిడాను. సుంకన్న జత బ్రహ్మాండంగా లాగి అన్నిటికంటే ముందు నిలిచినప్పుడు మాత్రం దూరం ఒక్కటే చదివి నీళ్లు తాగాను.

చీటీల్లో మా జతకు ఆఖరి వంతు వచ్చింది. సాయంత్రం ఐదు కావస్తోంది. ఓబన్న ఎద్దుల్ని తోలుకుని వచ్చాడు. చూసి నమ్మలేకపోయాను. గంటలు లేవు, అద్దాలు లేవు, పూసలు లేవు. రెండు ఎద్దులూ, కాడీ, అంతే. పొద్దున్నుంచి వాటికి మేత కూడా పెట్టలేదట, బండ కట్టే రోజు ఖాళీ కడుపుతో ఉండాలని వాళ్ల నాయన పద్ధతి. ఓబన్న పంచె పైకి కట్టుకుని బరి పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. మొట్టమొదటిసారి నాకు ఆయన యజమానిలా కనిపించాడు.

ఈల పడింది. అబ్బా, ఆ లాగుడు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. బండ నేల మీద కాదు, నీళ్ల మీద పోతున్నట్టు పోయింది. మద్దిలేటి చెర్నాకోల గాల్లో ఆడించాడే గానీ ఒక్క దెబ్బ వేయలేదు. ఒక చుట్టు, రెండో చుట్టు, మూడోది. ఆళ్లగడ్డ జనం కంఠాలు పగిలేలా అరుస్తున్నారు. సుంకన్న జత చేరిన గుర్తుకు ఇంకా నలభై అడుగులుంది, గడువు రెండు నిమిషాలుంది. ఎద్దులు మా పందిరి వైపు తిరిగి వస్తూ బరి మధ్యలో ఆగాయి.

దమ్ము తీసుకోవడానికి ఆగాయి. మద్దిలేటికి ఆ సంగతి తెలుసు. అందుకే తొందరపెట్టకుండా మైలోడి మెడ నిమురుతూ నిలబడ్డాడు. బరి పక్కన ఓబన్నకూ తెలుసు, కదలకుండా నిలబడ్డాడు. తెలియనివాడు పందిట్లో ఒకడున్నాడు. వాడి చేతిలో మైకు ఉంది.

నాకు ప్రాణం పోతున్నట్టుంది. ఆ నలభై అడుగుల్లో నా పదిహేనేళ్లున్నాయి. ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా మైకు మీద గోటితో టక్ టక్ మని కొట్టాను. నాలుగు బూరలూ టక్ టక్ మన్నాయి. “దా నాయనా దా” అన్నాను. “పుల్లోడా దా. మైలోడా దా.”

నాలుగు చెవులూ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. అయిదు గంటలు. ఖాళీ కడుపు. తెలిసిన గొంతు. బండ ఎగిరిందేమో అనిపించేలా లాగాయి. జనం ఈలలు వేశారు, ఓబన్న నవ్వాడు. ఆయన నవ్వు నేను చూసిన మరుక్షణం ఎద్దులు బరి వదిలి ఏటవాలుగా తిరిగాయి. మద్దిలేటి పగ్గాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలాడు. బండతో పాటు అతను కూడా వచ్చాడు. సుంకన్న గుర్తు దాటకముందే సున్నపు గీత దాటాయి. ఈల పడింది. కమిటీవాళ్లు కుర్చీలు వదిలి పరిగెత్తారు. పందిరి గుంజ ఒకటి విరిగింది. దుమ్ము అణిగేసరికి పందిట్లో ముగ్గురమే ఉన్నాం. నేనూ, పుల్లోడూ, మైలోడూ.

పుల్లోడు నా చొక్కా జేబులో ముట్టె పెట్టి వెతుకుతున్నాడు. మైలోడు మైకును నాకాడు. ఆ నాకిన చప్పుడు నంద్యాల ఊరంతా విన్నది.

ఓబన్న వచ్చాడు. ఎద్దుల్ని చూశాడు, నా జేబును చూశాడు. మైకు ఇంకా పనిచేస్తోందన్న ధ్యాస మా ఇద్దరికీ లేదు.

“ఇవి నీకెట్లా తెలుసప్పా?”

“ఉలవలు పెట్టేవాణ్ణి.”

“ఎప్పట్నుంచి?”

“దసరా నుంచి. రోజూ.”

“ఎన్నింటికి?”

“ఐదింటికి.”

ఓబన్న బండ మీద కూర్చుండిపోయాడు. “ఐదింటికి నువ్వు పెడితే ఏడింటికి నేను పెట్టేది యాడ తింటాయప్పా” అన్నాడు. బూరలు ఆ మాటను నాలుగు దిక్కులా చెప్పాయి. ఆ తర్వాత నంద్యాల నవ్వింది. పోటీ చూడ్డానికి వచ్చినవాళ్లు, బఠాణీలు అమ్ముకునేవాళ్లు, గోడల మీద కూర్చున్నవాళ్లు, అందరూ నవ్వారు. మా అమ్మ మర్నాడు ఎవరి ద్వారానో విని, పాస్టరుగారి ప్రార్థన ఎద్దుల కడుపులోకి పోయిందని చాలా బాధపడింది.

కమిటీలో ఒకాయన ఊరికే తెలుసుకుందామని టేపు పెట్టి కొలిచాడు. వంకరగా వచ్చిన ఆ దూరం కూడా కలిపితే మా జత సుంకన్న జతను దాటి ఇంకా చాలా ముందుకు పోయింది. అది విని నాకు ఏడుపొచ్చింది. నవ్వుల ముచ్చటలో ఈ మాట చెప్పకూడదేమో గానీ, వచ్చింది. పుల్లోడి మెడ పట్టుకుని ఏడ్చాను.

సుంకన్న మాట ప్రకారం ఎద్దుల్ని తోలుకుపోవడానికి వచ్చాడు. అవి నా జేబు వదలకపోవడం కాసేపు చూశాడు. “ఇవి గావాలంటే అయివార్ను గూడా తోలుకపోవాల. నాకొద్దులేప్పా” అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ విధంగా జత మా ఊళ్లోనే నిలిచింది. నా జీవితంలో ఆళ్లగడ్డకు నేను చేసిన మేలు అదొక్కటే, అది కూడా తెలియక చేసింది.

మరుసటి ఏడు పోటీకి ముందు ఓబన్న ఒకే ఒక్క షరతు పెట్టాడు. నేను నంద్యాల రాకూడదు. కాపలాకు మస్తాన్‌ను పెట్టాడు. పాపం, నా మూలంగా అతనికీ పోటీ లేకుండా పోయింది. ఇద్దరం రోజంతా షాపులో మొహాలు చూసుకుంటూ కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా శిరివెళ్ల దారిలో తప్పెట్లు వినిపించాయి. ట్రాక్టరు మీద జనం, వెనక ట్రాలీలో పుల్లోడూ, మైలోడూ, మెడల్లో దండలు. ఎద్దులకు నా వాసన తగలకూడదని మస్తాన్ నన్ను తలుపు వెనక్కి తోశాడు. చిన్నప్పటి నుంచి నేను ఎదురుచూసిన గెలుపును తలుపు సందులోంచి చూశాను, అదీ తోకల వైపు నుంచి.

ఓబన్న ట్రాక్టరు దిగి షాపులోకి వచ్చాడు. ఒళ్లంతా రంగు. నా ఎదుట నిలబడి, “గెల్చినాయప్పా. నువ్వు రాల్యా, గెల్చినాయి” అన్నాడు. వెళ్లబోతూ మళ్లీ ఆగాడు. “రేపట్నుంచి ఉలవలు పెట్టాలనుంటే పెట్టుకో. ఏడింటికి రా. వాకిట్లో నుంచి రా.”

ఓబన్న ఎద్దుల యజమానిగా చేసిన తప్పులు నేను పదిహేనేళ్లు వేళ్లమీద లెక్కపెట్టాను. ఆయన చేసిన ఒప్పు మాత్రం ఒక్కటే ఉంది. నన్ను ఊళ్లోనే కూర్చోబెట్టడం.

కాబట్టి పాఠకుల సాక్షిగా, ఓబన్న కొట్టంలో నాలుగు కాళ్ల మీద నిలబడి ఉన్న వాటన్నిటి సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ గొంతుతో ఏ ఎద్దునూ పిలవను. ఏ యజమానినైనా తిట్టాలనిపిస్తే ముందు నా టిఫిన్ డబ్బా మూత తీసి చూసుకుంటాను. మైకు ఎవరైనా చేతికిస్తే, సాయంత్రం ఐదు దాటేదాకా నోరు విప్పను. ఏడింటికి మాత్రం నాకు వేరే పని ఉంటుంది.